పగడపు గండి

దీవి,
ఒడ్డున నా గుడారం

వదినా,

క్షేమంగా చేరాం. ఈ ఉత్తరం నీ చేతికిచ్చేది నీ మొగుడే కనక, ఆ సంగతి నువ్వు దీన్ని విప్పకముందే నీకు తెలిసిపోయి ఉంటుంది. అయినా ఉత్తరం అన్నాక ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా.

దూరం నుంచి దీవి దీవిలా లేదు. నీళ్ళ మీద ఎవరో ఆరేసి మరిచిపోయిన తెల్లచీరలా ఉంది. దగ్గరికి వచ్చేకొద్దీ ఆ చీరకి సన్నటి పచ్చ అంచు కనిపించింది. ఇక్కడున్న చెట్లన్నీ ఆ అంచులోనే ఉన్నాయి. మిగతాదంతా పగడం పొడి పొడి అయిపోయిన ఇసుక. దాని మీద ఎండ పడితే నేల ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. దూరంగా నడిచే మనుషుల పాదాలు కనిపించవు, తేలుతున్నట్టుంటారు. మొదటిరోజంతా నేను గొంతు తగ్గించి మాట్లాడాను. పిల్లలు నిద్రపోతున్న ఇంట్లోకి వచ్చినట్టనిపించింది.

నిద్ర లేపడానికే వచ్చాం మరి. విమానాలకి రన్‌వే, ఓడలకి జెట్టీ, గిడ్డంగులు, ఒక చిన్న ఆసుపత్రి కట్టాలి. ఇక్కడ ఊరికే దొరికేవి ఇసుక, ఉప్పునీళ్ళు, గాలి. మేకు దగ్గర్నుంచి మంచినీళ్ళదాకా అన్నీ అన్నయ్య ఓడలో రావలసిందే. కట్టడం ఒక కష్టం కాదు వదినా, తేవడమే కష్టం. ముందు కావలసింది రేవులో చివర ఎక్కించాలి, చివర కావలసింది ముందు ఎక్కించాలి. నా బుర్ర ఇప్పుడు వెనక్కి నడవడం నేర్చుకుంటోంది.

దీవి చుట్టూ నీళ్ళ అడుగున పగడపు గట్టు ఉంది, ప్రహరీగోడలా. దానికి ఒక్కటే గండి. సముద్రం పోటు మీదున్న కాసేపట్లోనే ఓడ అందులోంచి దూరి రావాలి. దాన్ని దాటించగల సరంగు ఈ తీరం మొత్తానికి ఒక్కడే ఉన్నాడని పైవాళ్ళు నాకు వివరిస్తుంటే, వాడు మా అన్నయ్యే అనకుండా నోరు నొక్కుకోవడానికి నానా తంటాలు పడ్డాను.

నా మనుషులు ఛాతీలోతు నీళ్ళలో నిలబడి తాళ్ళు అందుకున్నారు. ఓడ మూతి తెరుచుకుంది. ఇనుప నాలుక ఇసుక మీద వాలింది. అందులోంచి పసుపుపచ్చ బుల్డోజరు నీళ్ళలోకి దిగి, నింపాదిగా ఒడ్డెక్కింది. దీవి మీదున్న పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. వాటి నీడలు ఇసుక మీద పరుగెత్తుతుంటే దీవే కదిలిపోతోందేమో అనిపించింది.

అన్నయ్య చుక్కాని వదిలి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "ఈ పొగమంచులో భలే ఉందే నీ దీవి" అన్నాడు. మిట్టమధ్యాహ్నం వదినా! ఎండకి కళ్ళు పేలిపోతుంటే పొగమంచేమిటి? మొత్తానికి మా అన్నయ్యని కవిని చేసేశావు.

సిమెంటు మీద కప్పడానికి టార్పాలిన్లు ఇంకా కావాలి. నువ్వు కుట్టినవే పంపు. ఆ రెండో కొట్టువాడి కుట్లు గాలికి నవ్వుతున్నాయి.

నీ ఆడపడుచు


రేవు వీధి,
కొట్టు పైన మేడగది

మరదలు పిల్లా,

నీ ఉత్తరం మీ అన్నయ్య చొక్కా జేబులో తడిసి, ఆరి, అట్టముక్కలా నా చేతికొచ్చింది. మడత విప్పితే ఇసుక రాలింది. తుడవబుద్ధి కాక కుట్టుమిషను మీద అలాగే ఉంచాను. అది మిషను సందులోకి పోతే ఆ బాగుచేసే ఖర్చు నీదే.

టార్పాలిన్లు కుడుతున్నాం. కొట్టునిండా మైనం వాసన. పెద్దది కుట్టేటప్పుడు నేలంతా పరిచి, దాని మీద చెప్పులు లేకుండా నడిచి ముడతలు సరిచేస్తాం కదా. మొన్న మధ్యాహ్నం అలా నడుస్తూ నడుస్తూ దాని మీదే కూర్చుని, ఎప్పుడు కునుకు పట్టిందో తెలియదు. కలలో ఆ గుడ్డ చల్లటి ఇసుకయింది. చివరిదాకా వెళ్తే నువ్వు కనిపిస్తావని నడుస్తున్నాను. ఎంత నడిచినా అంచు రాలేదు. లేచేసరికి చెంప మీద కుట్ల అచ్చులు. పనిపిల్లలు మూడురోజులు నవ్వారు.

నువ్వూ నవ్వుతావని తెలిసే అడుగుతున్నాను. ఓడ గండిలోకి వచ్చేటప్పుడు ఎండ ఎదురుగా కొడుతుందా, వెనకనుంచా? చుక్కాని దగ్గర ఆయన పక్కన ఎవరైనా నిలబడతారా? ఆ చిన్న సరంగు, వాణ్ణి నిదానం అని పిలుస్తారట కదా, వాడు మంచివాడేనా, చెబితే వింటాడా? ఎండ ఎక్కకముందే ఓడ వచ్చేలా చూడు. పోటు వేళలు మన చేతిలో ఉండవని తెలుసు. అయినా చూడు.

ఎందుకని అడక్కు. ఊరికే. మొగుడు సముద్రం మీదుంటే ఆడదానికి పనికిమాలిన ఆలోచనలు రావా ఏమిటి? నోటికి తాళం వేసుకుని రాస్తున్నాను, చెవి ఎవరి దగ్గరుందో కూడా అడక్కు.

ఒంటికి కాస్త నూనె రాసుకో. ఉప్పుగాలికి చర్మం చెక్కలా అయిపోతుంది.

నీ వదిన


దీవి,
తలుపుల మైదానం

వదినా,

పైన రాసిన చిరునామా అబద్ధం కాదు. రేవులో ఎవరో బుద్ధిమంతుడు అన్నిటికంటే చివర ఎక్కించవలసిన సిమెంటుని అడుగున పడేసి, దాని మీద ఆసుపత్రి తలుపులు ఎక్కించాడు. గోడలు లేవు, పునాది లేదు, తలుపులు మాత్రం చట్రాలతో సహా దిగాయి. పడుకోబెడితే వంకర పోతాయని ఇసుకలో నిలబెట్టించాను. ఇప్పుడు నా గుడారం ముందు ఖాళీ మైదానంలో వరసగా తలుపులు, అన్నీ సముద్రం వైపు.

నిన్న పొద్దున్నే లేచి చూస్తే బుల్డోజరు డ్రైవరు ఒక తలుపు ముందు నిలబడి, గడ్డం సవరించుకుని, మెల్లిగా తట్టి, తీసుకుని అవతలికి వెళ్ళాడు. అవతల ఉన్నదీ ఇసుకే. నన్ను చూసి సిగ్గుపడి, "ఊరికే మేడమ్, ఇంటికెళ్ళినట్టుంటుందని" అన్నాడు. ఆ సాయంత్రం పని అయ్యాక ఒక్కొక్కరే వచ్చి ఒక్కో తలుపు తీసుకుని వెళ్ళారు. నేనూ వెళ్ళాననుకో. నా తలుపుకి అవతల మీ మేడగది ఉంటుందనుకున్నాను.

రన్‌వే సగం చదునైంది. పగడపు రాయిని నలిపి, తడిపి, రోలరుతో తొక్కిస్తుంటే అది రాయిలాగే మళ్ళీ బిగుసుకుంటోంది. జెట్టీయే మిగిలింది. స్తంభాలు దిగ్గొట్టే యంత్రం వచ్చే ట్రిప్పులో రావాలి. ఆ తర్వాత వానకారు మొదలై సముద్రం మూసుకుపోతుంది. అప్పటికి ఆ యంత్రం ఒడ్డెక్కకపోతే జెట్టీ వచ్చే ఏటికే.

నీ ప్రశ్నలకి జవాబు. ఎండ ఎదురుగానే కొడుతుంది. పక్కన నిదానం ఉంటాడు కానీ చుక్కాని అన్నయ్య ఎవరికీ ఇవ్వడు. "మా చెల్లెలి దీవిని నేనే మోస్తా" అంటాడట ఓడలో అందరితో.

ఈసారి మాత్రం మీ ఆయన కాస్త నవ్వులపాలయ్యాడులే. గండిలో ఓడ పక్క పగడానికి రాసుకుంది. కీచుమని ఒక చప్పుడు, నా పళ్ళు జిల్లుమన్నాయి. ఒడ్డుకొచ్చేటప్పుడు కూడా అనుకున్నచోటికి కాకుండా పక్కకొచ్చింది. నీళ్ళలో తాళ్ళు పట్టుకున్న ఇద్దరు వెనక్కి దూకి బతికారు. "ప్రవాహం లాగేసింది" అన్నాడు. తర్వాత ఉత్తరాల సంచీ తెచ్చి, నీ కవరు అని నాకొకటిచ్చాడు. చూస్తే దాని మీద డ్రైవరు పేరుంది. "పరాగ్గా ఉన్నావేం అన్నయ్యా?" అంటే, "ముసలాణ్ణయిపోతున్నానే" అని నవ్వాడు. ఇంట్లో సరిగ్గా నిద్రపోనిస్తున్నావా లేదా?

నీ ఆడపడుచు


రేవు వీధి,
మేడగది

అమ్మాయ్,

ఈ ఉత్తరం మీ అన్నయ్య చేతికివ్వలేదు. మీ దీవికి హెలికాప్టరులో వచ్చే డాక్టరుగారి ఇంటికి నేనే వెళ్ళి, ఆయన పెట్టెలో పెట్టించాను. పెళ్ళయినప్పట్నుంచి ఆయనకి తెలియకుండా చేసిన పని ఇదొక్కటే.

ఆ రోజు నీళ్ళలోంచి ఇద్దరు వెనక్కి దూకారని నువ్వు నవ్వుతూ రాశావు. అది చదివి మిషను ఆపేసి ఈ కాగితం తీశాను.

మీ అన్నయ్య రెండు కళ్ళకీ శుక్లాలు. ఎడమది దాదాపు కమ్మేసింది. కుడిదాంట్లో నీడలూ వెలుతురూ తెలుస్తాయి. ఎండ ఎక్కువైతే అదీ తెల్లగా అలుక్కుపోతుందట. ఆయన చూసిన పొగమంచు అదేనే, పిచ్చిపిల్లా.

కిందటేడు గోడ మీద క్యాలెండరు చదవలేక దొరికిపోయాడు. ఎవరికీ చెప్పనని నా తల మీద నా చేతే పెట్టించి ఒట్టు వేయించాడు. తెలిస్తే ఓడ దింపేస్తారు, ఒడ్డున కూర్చుంటే నేను చచ్చిన చేపనే అన్నాడు. ఆపరేషన్ చేయించుకుంటే పోతుంది కదా, ఎంతమంది చేయించుకోవడం లేదు అంటే వినడు. మీ నాన్నగారికి జరిగింది నీకూ తెలుసు. కత్తి కంట్లో పెట్టాక ఆయన మళ్ళీ వెలుతురు చూడలేదు. మీ అన్నయ్య ఆ మాట పైకి అనడు. ఆసుపత్రి ముందునుంచి వెళ్ళవలసొస్తే వీధి మారుస్తాడు, అంతే.

ఇన్నాళ్ళూ ఏం చేశానంటే, ఆయన మెట్లు దిగుతుంటే పక్కన కబుర్లు చెబుతున్నట్టు నడిచాను. రేవులో ఏ ఓడ వచ్చిందో కిటికీలోంచి చూసి, నాలో నేను అనుకున్నట్టు పైకి చదివాను. ఆయన చూస్తున్నాడనే నమ్మాడు. లేక నమ్మినట్టు నటించాడు. ఇద్దరం ఒకరి ముందు ఒకరం మంచి నటులమయ్యాం.

నువ్వు ఆయన చెల్లెలివి. కానీ ఆ ఒడ్డుకి నువ్వే అధికారివి కూడా. ఏం చెయ్యాలో నేను చెప్పను. ఒట్టు తప్పినదాన్ని, నాకేం చెప్పే హక్కుంది?

వదిన


దీవి

వదినకి,

డాక్టరుగారు హెలికాప్టరు ఆపకుండానే నిలబడ్డారు, అందుకని రెండు ముక్కలు.

ఆ నీళ్ళలో నిలబడేవాళ్ళకి పెళ్ళాలున్నారు. వాళ్ళు కూడా నీలాగే కిటికీల దగ్గర కూర్చుంటారు. ఒక ఏడాది! నేను ప్రతి ట్రిప్పుకీ వాళ్ళని "దిగండి, మా సరంగు ఉన్నాడు, భయం లేదు" అని నీళ్ళలోకి దింపాను.

నీ మీద కోపం తగ్గాక మళ్ళీ రాస్తాను. వచ్చే ఓడకి ఒడ్డున ఎర్రజెండా ఎత్తిస్తాను. యంత్రం రాకపోతే పోనీ.


దీవి,
నీళ్ళ అంచున, ఒక సిమెంటు బస్తా మీద కూర్చుని

వదినా,

నా పోయిన ఉత్తరం చింపెయ్. చింపవని తెలుసు. అయితే దాని పక్కన దీన్ని కూడా పెట్టుకో.

ఓడ పొద్దున్న కనిపించింది. పడమట మబ్బులు పేరుకుంటున్నాయి, సముద్రం సీసంలా ఉంది. నీళ్ళలోంచి అందర్నీ పైకి పిలిచేశాను. ఎర్రజెండా ఎత్తించాను. ఓడ గండికి అవతలే ఆగి, అక్కడే ఊగుతూ నిలబడింది. నేను రబ్బరు పడవలో వెళ్ళి ఎక్కాను.

అన్నయ్య చుక్కాని పట్టుకుని ఉన్నాడు. నిదానం పక్కనున్నాడు.

"ఏమే, జెండా ఏమిటి? దించమను. పోటు పోతోంది" అన్నాడు.

నేను చెయ్యి చాపాను. "నా చేతిలో ఏముందో చెప్పు."

కాసేపు చూశాడు. "కాగితం" అన్నాడు.

నా చేతిలో ఏమీ లేదు వదినా. నిదానం తల వంచుకున్నాడు. వాడికీ తెలుసు. నీలాగే వాడూ ఇన్నాళ్ళూ "అదిగో నురగ, అదిగో నీలం" అని నాలుగు మాటలు పైకి అనుకుంటూ నెట్టుకొచ్చాడట.

"ఎవరు చెప్పారు?"

"నీ పెళ్ళాం."

"ఒట్టేసింది."

"వేసింది, తప్పింది. నువ్వు బతికుండాలని."

అన్నయ్య మొహం ఎర్రబడింది. "ఈ గండిని నేను కళ్ళు మూసుకుని దాటిస్తానే!"

"ఇన్నాళ్ళూ నువ్వు చేసింది అదే కదా అన్నయ్యా."

ఎక్కడో ఒక గొలుసు గోడకి కొట్టుకుంటోంది. ఆయన అటు చెవి తిప్పాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "నాన్న చివర్లో నా మొహం చేత్తో తడిమి చూసేవాడు. గుర్తుందా?"

"ఉంది. ఆ డాక్టరు వేరు, ఆ కాలం వేరు."

"కత్తి అదేగా."

"భయమేస్తోందని నాతో అనొచ్చుగా?"

"సరంగు తనకి భయమని ఎవరితో అంటాడే?" అన్నాడు. గొంతు అచ్చం చిన్నప్పుడు చెట్టెక్కి దిగలేకపోయినప్పటి గొంతులా ఉంది.

ఓడని వెనక్కి పంపేద్దామనే నేను అనుకున్నాను. మాట నోటిదాకా వచ్చింది. అప్పుడు నిదానం గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, నాకు కళ్ళున్నాయి, ఆయనకి గండి తెలుసు. ఒడ్డున మనుషులు లేరు. నిదానంగా వెళ్దాం. కాదనిపిస్తే అక్కడే వెనక్కి తిప్పేస్తా." నేను అన్నయ్యని చూశాను. ఆయన చుక్కాని మీదనుంచి ఒక్కొక్క వేలే తీశాడు. అలా తియ్యడం చూడలేక సముద్రం వైపు తిరిగాను.

నిదానం చుక్కాని పట్టుకున్నాడు. అన్నయ్య వాడి వెనక నిలబడి, భుజం మీద చెయ్యి వేసి, కళ్ళు నిజంగానే మూసుకున్నాడు.

"ఎడమపక్క అల విరిగే చప్పుడు విను. పళ్ళు కొరికినట్టుంటే పగడం దగ్గరున్నట్టు. ఊపిరి వదిలినట్టుంటే దారి సరిగ్గా ఉన్నట్టు. ఏమంటోంది?"

"ఊపిరి."

"నీళ్ళు నీలం నుంచి నల్లబడ్డాయా?"

"ఇంకా లేదు... ఆఁ, నల్లబడ్డాయి."

"ఇప్పుడు తిప్పు. తొందరపడకు. అది నిన్ను లోపలికి తీసుకుంటుంది, తీసుకోనీ."

వదినా, ఆ కాసేపూ నాకు కాళ్ళ కింద ఓడ ఉన్నట్టు లేదు. రెండు పక్కలా నీళ్ళ అడుగున పగడం గులాబీ రంగులో, పసుపు రంగులో మెల్లిగా వెనక్కి జరుగుతోంది. చేపల గుంపు ఒకటి మాతో సమానంగా వచ్చి విడిపోయింది. ఎవరూ మాట్లాడలేదు, ఆయన తప్ప. ఆయన గొంతు పసిపిల్లని జోకొడుతున్నట్టుంది. ఆ గండిని ఆయన ఎంత ప్రేమించాడో నాకు అప్పుడు తెలిసింది. దాన్నిక చూడనక్కర్లేనంత.

అడుగున ఇసుక మెత్తగా తగిలింది. "అయిపోయింది" అన్నాడు. అప్పుడు కళ్ళు తెరిచాడు, అలవాటు కొద్దీ.

యంత్రం ఒడ్డెక్కింది. నేను రేవు అధికారులకి ఉన్నదున్నట్టు రాసి, అన్నయ్యకి చదివి వినిపించి, ఆయన చేతనే సంతకం పెట్టించాను. ఈ ఉత్తరం కూడా ఇక్కడిదాకా చదివి వినిపించాను. "చాడీలు బాగా రాస్తావే" అన్నాడు. తర్వాత, నీకో మాట రాయమన్నాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు:

"ఆసుపత్రికి వస్తాను. నువ్వు కబుర్లు చెబుతున్నట్టు పక్కన నడవక్కర్లేదు. చెయ్యి పట్టుకునే నడిపించు."

నీ ఆడపడుచు


రేవు వీధి,
ఆసుపత్రి నుంచి ఇప్పుడే వచ్చి

మరదలు పిల్లా,

నీ జెట్టీ స్తంభాలు నీళ్ళలో నిలబడ్డాయని డాక్టరుగారు చెప్పారు. మీ అన్నయ్యకి చెబితే, "ఏ వైపు నుంచి మొదలెట్టింది?" అని ఆయన్ని పీక్కుతిన్నాడు. కళ్ళకి కట్టుంటే ఏం, నోటికి లేదుగా.

ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళేముందు నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే గాజు చిట్లింది. బయట బల్ల మీద కూర్చున్నాను. మీ నాన్నగారిని తలుచుకోకూడదనుకుంటూనే తలుచుకున్నాను. ఒట్టు తప్పితే కళ్ళు పోతాయంటారే, పోతే నావి పోవాలి కానీ ఆయనవెందుకు పోవాలని దేవుడితో పోట్లాడాను. తర్వాత ఏమీ ఆలోచించలేదు. ఆసుపత్రి వరండాలో ఎండ మెల్లిగా ఒక గడప నుంచి ఇంకో గడపకి జరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను, అంతే.

ఓడ మళ్ళీ ఇవ్వరట. చేసిన పనికి తిట్లు పడ్డాయి, పడవలసినవే. కొత్త సరంగులకి గండి దారి నేర్పమంటారేమో, ఇంకా ఏదీ తేల్చలేదు. ఆ మాట విని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను కదిలించలేదు.

ఇవాళ కుడికంటికి కట్టు విప్పారు. డాక్టరమ్మ వేళ్ళు చూపించి ఎన్ని అంది. చెప్పాడు. కిటికీలోంచి ఏం కనిపిస్తోందంది. ఎదురుమేడ మీద ఆరేసిన బట్టలు, వాటి రంగులు, ఒక చొక్కాకి బొత్తాం లేదని కూడా చెప్పాడు. ఆవిడ నవ్వి, ఇక మీరు మీరు చూసుకోండి అని వెళ్ళిపోయింది.

అప్పుడు నావైపు తిరిగాడు. ఏదో ఓడని దూరం నుంచి గుర్తుపడుతున్నట్టు, తల కాస్త పక్కకి వంచి చూశాడు. నాకు పెళ్ళిచూపులనాటి సిగ్గొచ్చింది, ఈ వయసులో. చెయ్యి చాపి నా పాపిడి దగ్గర జుట్టు పక్కకి తోశాడు.

"ఈ తెల్లవెంట్రుకలన్నీ ఎప్పుడొచ్చాయే నీకు?"

"వచ్చి చాలాకాలమైంది."

ఆయన కంటినిండా నీళ్ళు. తుడవకూడదని డాక్టరమ్మ చెప్పింది, నేనూ తుడవలేదు.

"ఇంకా నేనేమేం చూడలేదే?" అన్నాడు.

"చాలా ఉన్నాయి" అన్నాను. "లేవండి, ఇంటికెళ్దాం."

నీ వదిన